బుగ్గ మీద గాటున్న రాజు

మధ్యాహ్నం ఇంటర్వెల్ బెల్లు కొట్టారో లేదో, ఆరో తరగతి వరండాలో క్యూ తయారైంది.

క్యూకి ఆ చివర ఒక బల్ల. బల్ల వెనక కుర్చీలో బాలత్రిపురసుందరి. పేరెంత పొడుగో, ఆ వారం ఆ పిల్ల దర్జా కూడా అంత పొడుగు. బళ్ళో అందరూ త్రిపుర అంటారు. సోషల్ మాస్టారు రాధాకృష్ణమూర్తిగారి అమ్మాయి.

మాస్టారికి పాత నాణేలు పోగుచేసే సరదా ఉంది. ఆ సరదా కూతురికీ అంటుకుంది. ఏది అణా, ఏది బేడ, ఏది విక్టోరియా రాణి రూపాయి అన్నది కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చెప్పేస్తుంది. నల్లగుంటపాడు హైస్కూల్లో ఇంకెవరికీ ఆ విద్య రాదు. ఆ సంగతి అందరికంటే బాగా త్రిపురకే తెలుసు.

మంగళవారం స్కూలు వార్షికోత్సవం. ఈసారి 'మా ఊరి పాత వస్తువులు' అని ఒక ఎగ్జిబిషన్ పెడుతున్నారు. పిల్లలు తెచ్చిన నాణేలు సర్దే పని హెడ్మాస్టరుగారు త్రిపురకి అప్పజెప్పారు. ఆయన సర్దమన్నారు. ఈవిడ తీర్పులు చెప్పడం మొదలుపెట్టింది.

"ఇది చిల్లు కానీ. పనికొస్తుంది. అక్కడ పెట్టు. తర్వాత?"

క్యూలో తర్వాతివాడు పేరయ్య అరచేయి చాపాడు. ఇత్తడిది, గుండ్రంగా, మీద సింహం బొమ్మ.

"ఇది నాణెం కాదురా. పోలీసు చొక్కా గుండీ!"

క్యూ అంతా పకపకా నవ్వింది. పేరయ్య దాన్ని తిరగేసి చూసుకున్నాడు. వెనక దారం కుట్టుకునే కొక్కెం ఉంది. వాడూ నవ్వేశాడు.

త్రిపుర చెప్పింది చాలాసార్లు కరెక్టే అవుతుంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. పదిసార్లు కరెక్టయిన వాళ్ళు పదకొండోసారి సరిగ్గా చూడరు.

పదకొండో మనిషి వెంకాయమ్మ.

వెంకాయమ్మ త్రిపుర పక్క బెంచీలో కూర్చుంటుంది. క్లాసులో పెద్దగా మాట్లాడదు. ఊరవతల వాళ్ళకి కొంచెం మిరప, కొంచెం పత్తి. ఆమె ఒక గుడ్డపేలిక విప్పి, చాలా జాగ్రత్తగా ఒక నాణెం తీసి బల్ల మీద పెట్టింది.

"మా అమ్మకి దొరికిందే. పత్తి తీస్తుంటే కాలికి గుచ్చుకుందంట. వాన పడి మట్టి కొట్టుకుపోయిందిగా, అందుకని పైకి తేలింది."

నాణెం చిన్నది. నల్లగా మసిబారి ఉంది. త్రిపుర బొటనవేలితో రుద్దింది. ఒక మగమనిషి ముఖం కనబడింది. కోటేరులాంటి ముక్కు, తలకి ఆకుల దండ.

త్రిపుర నాణేన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఇలాంటి ముఖాలు నాన్నగారి పుస్తకంలో ఉన్నాయి. రోము రాజుల నాణేలు! ఒకప్పుడు మన గుంటూరు, ప్రకాశం పొలాల్లో అక్కడక్కడా దొరికాయని నాన్నగారు చెప్పారు కూడా. ఒక్కటైనా చేత్తో పట్టుకోవాలని ఆయనకి ఎన్నాళ్ళనుంచో కోరిక.

అంతలో రాజుగారి బుగ్గ మీద గాటు కనబడింది. చెవి దగ్గర మొదలై నోటి దాకా, ఎవరో కత్తితో నరికినట్టు.

పుస్తకంలో రాజులెవరికీ బుగ్గల మీద గాట్లు లేవు. అందరూ తెల్లగా, నున్నగా, ఫోటో స్టూడియోకి వెళ్ళినట్టు ఉంటారు.

"ఇది చెల్లదు," అంది త్రిపుర.

"సరిగ్గా చూడవే."

"చూశాను. రోము నాణెం ఇలా ఉండదు. ఎవరో సీసంతో దొంగ నాణెం చేసి, కుదరక నరికి పారేశారు. తర్వాత?"

"మా అమ్మ..."

"మీ అమ్మకేం తెలుసు రోము గురించి? క్యూ ఆగిపోతోంది, జరుగు."

"చెల్లని నాణెం వెంకాయమ్మ!" అన్నాడు పేరయ్య. తన గుండీ బాధ తీరిపోయినట్టుంది వాడికి. వెనకున్నవాళ్ళు ఆ మాటనే పాటలా అందుకున్నారు.

వెంకాయమ్మ నాణేన్ని పేలికలో చుట్టుకుంది. ముడి సరిగా పడలేదు. అయినా అలాగే పట్టుకుని వెళ్ళిపోయింది. త్రిపుర అప్పటికే తర్వాతి కుర్రాడి అర్ధణా చూస్తోంది.

ఆదివారం ఉదయం త్రిపుర వాళ్ళమ్మ కనకలక్ష్మి ఏడాది కారానికి మిరపకాయలు కొనడానికి బయల్దేరింది. సంచీ పట్టుకోవడానికి త్రిపుర కూడా వెళ్ళింది.

ఆ నెలలో ఊరి చుట్టూ కల్లాలే. కనుచూపు మేర నేల మీద ఎర్ర తివాచీ పరిచినట్టు మిరపకాయలు ఎండుతుంటాయి. పక్క ఊరి నుంచి చుట్టాలొస్తే తుమ్ముకుంటూ వస్తారు. నల్లగుంటపాడు వాళ్ళు మాత్రం ఆ ఘాటులోనే పుట్టి పెరిగారు కాబట్టి హాయిగా పాటలు పాడుకుంటూ పని చేసుకుంటారు.

వాళ్ళు వెళ్ళింది వెంకాయమ్మ వాళ్ళ కల్లానికే. వెంకాయమ్మ వాళ్ళమ్మ సుబ్బరావమ్మ, నలుగురు కూలి ఆడవాళ్ళతో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. రంగుపోయి తెల్లబడిన కాయలన్నమాట. మంచి కాయల కుప్ప ఒక పక్క, తాలు ఒక పక్క.

"రండమ్మగారూ! సాయంత్రానికి గోతాలకెత్తేస్తాం. రాత్రికి లారీ గుంటూరు యార్డుకెళ్ళిపోద్ది. మంచి టయానికి వచ్చారు," అంది సుబ్బరావమ్మ. ఆమె మాట పక్క పొలం దాకా వినబడుతుంది.

కనకలక్ష్మి కుప్పలోంచి ఒక కాయ తీసింది. ఎర్రగా నిగనిగలాడుతోంది. దాన్ని టప్పున విరిచింది. లోపల చూసింది, వాసన చూసింది. ఇంకోటి తీసి విరిచింది.

"అదేంటమ్మా! మంచి కాయల్ని పాడుచేస్తున్నావ్?" అంది త్రిపుర.

"విరిచి చూడకపోతే లోపలేముందో ఎలా తెలుస్తుందే? పైకి ఇలాగే నిగనిగలాడతాయి. ఇంటికెళ్ళాక చూస్తే లోపల బూజు."

"విరవండమ్మగారూ, పది విరవండి!" సుబ్బరావమ్మ నవ్వింది. "మంచి కాయకి భయమేంటి? తాలుకాయని ఎవరన్నా విరిచి చూస్తారా?"

త్రిపుర చేతిలో సంచీ జారిపోయింది.

విరిగిన కాయ చెడ్డకాయ కాదు. విరిచి చూసి, సరే అనుకున్న కాయ.

మరి నరికిన నాణెం?

గాటు పెట్టి ఎవరో లోపల చూసి ఉంటారా? లోపల ఏముందో తను చూసిందా? లేదు. గాటు కనబడగానే చెల్లదనేసింది. నాన్నగారు చేత్తో పట్టుకోవాలని ఆశపడే నాణేన్ని తనే తోసేసింది.

అది చాలదన్నట్టు సుబ్బరావమ్మ ఇటు తిరిగింది.

"ఏమ్మా, పంతులుగారమ్మాయీ! మా నాణెం మంచి చోట పెట్టావంటగా? మంగళారం నేనొస్తన్నా చూడ్డానికి. కూలోళ్ళక్కూడా చెప్పేశా, ఆ పూట పని లేదని. నేను బళ్ళో కాలుపెట్టి ఎరగనమ్మా. నా నాణెమేమో నాకంటే ముందెళ్ళి బల్లెక్కి కూచుంది!"

కూలి ఆడవాళ్ళందరూ నవ్వారు. సుబ్బరావమ్మ ముఖం వెలిగిపోతోంది.

గోతాల వెనక వెంకాయమ్మ నిలబడి ఉంది. త్రిపుర వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. చెప్పకు అన్నట్టు.

త్రిపుర మెల్లగా ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఏమే, అలా చెప్పావేంటి మీ అమ్మతో?"

"మరేం చెప్పమంటావ్?" వెంకాయమ్మ అమ్మ వైపు ఓసారి చూసింది. "బళ్ళో పెట్టుకున్నారా అని ఇంటికి రాగానే అడిగింది. గుమ్మంలోనే నిలబడుందే నా కోసం. నీకేం తెలుసు రోము గురించి అన్నారని ఎలా చెప్పను?"

త్రిపురకి తన మాటే చెంపదెబ్బలా తగిలింది.

"నాణెం ఏది? ఇవ్వు. బల్ల మీద మధ్యలో పెడతాను. ఒట్టు."

"లేదు."

"ఏం చేశావ్?"

వెంకాయమ్మ కల్లం వైపు చూపించింది. "ఆ రోజు బడినించి వస్తూనే కోపమొచ్చి అందులోకి విసిరికొట్టా. చెల్లదన్నావుగా."

త్రిపుర చూసింది. ఎర్రటి కాయలు, ఒక చివరనుంచి ఇంకో చివరకి. అందులో గోరంత నల్లటి నాణెం. సాయంత్రానికి అవన్నీ గోతాల్లోకి వెళ్ళిపోతాయి. రాత్రికి గుంటూరు.

ఏం చెయ్యాలి? ఇద్దరూ చాటుగా వెతికితే ఎప్పటికి దొరకాలి? పెద్దవాళ్ళకి చెబితే వెంకాయమ్మకి దెబ్బలు పడొచ్చు. చెప్పకపోతే మంగళవారం సుబ్బరావమ్మ ఖాళీ బల్ల ముందు నిలబడుతుంది.

త్రిపుర పావడా ఎత్తి దోపుకుని, నేరుగా సుబ్బరావమ్మ ముందుకెళ్ళి నిలబడింది.

"పిన్నిగారూ, మీ నాణెం బల్ల మీద లేదండి. వెంకాయమ్మ తెచ్చింది. నేనే సరిగ్గా చూడకుండా చెల్లదని పంపేశాను. అందరూ నవ్వారు. అందుకే తను కల్లంలో పారేసింది. తప్పు నాదండి, తనది కాదు."

పాటలు ఆగిపోయాయి. కనకలక్ష్మి చేతిలో కాయ చేతిలోనే ఉంది.

సుబ్బరావమ్మ కూతురి వైపు చూసింది. త్రిపుర వైపు చూసింది. ముఖంలో వెలుగు పోయింది. కోప్పడినా బాగుండేదనిపించింది త్రిపురకి.

"నవ్వారా?" అంది చివరికి, మెల్లగా. ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం ఎవరూ విని ఉండరు.

తర్వాత చీరకొంగు నడుముకి బిగించింది. "సరే. నిలబడి ఏడిస్తే దొరుకుద్దా? వంగండి! బరువు సామాను అడుక్కి దిగుద్ది. కాయల్ని పక్కకి తోసి అడుగంతా ఊడ్చండి!"

గొంతు మళ్ళీ పక్క పొలం దాకా వెళ్ళింది.

అందరూ వంగారు. కూలి ఆడవాళ్ళు, వెంకాయమ్మ, త్రిపుర. కనకలక్ష్మి కూడా చేతిలో కాయ పక్కన పడేసి వంగింది. కాయలు తొయ్యడం, నేల ఊడ్వడం, గింజల్లో మట్టిలో వేళ్ళు పెట్టి వెతకడం. మిరప ఘాటు త్రిపుర నషాళానికంటింది. ఒకటే తుమ్ములు. అరచేతులు భగభగ మండుతున్నాయి. ఆ చేత్తోనే ముక్కు తుడుచుకుంది. ఇంక చెప్పాలా! కళ్ళలో నీళ్ళు ధారలు కట్టాయి.

"ఇంటికెళ్ళమ్మా, పంతులుగారింటి చేతులు ఇవి తట్టుకోలేవు," అంది ఒక ఆడమనిషి జాలిగా.

"వెళ్ళను," అంది త్రిపుర. తుమ్మింది.

ఎండ నడినెత్తికొచ్చింది. సగం కల్లం అయిపోయింది. ఇంకొంచెం కూడా అయిపోయింది. సుబ్బరావమ్మ ఊడుస్తూనే ఉంది. అప్పుడు కల్లం అంచు దగ్గర్నుంచి ఒక కేక వినబడింది.

"అమ్మా! రాజు!"

వెంకాయమ్మ చెయ్యి పైకెత్తి పట్టుకుంది. వేళ్ళ మధ్య నల్లగా, బుగ్గ మీద గాటుతో రోము రాజు. పైన ఒక మిరపగింజ అతుక్కుని ఉంది.

ఆమె పరుగున వచ్చి నాణేన్ని త్రిపుర చేతికివ్వబోయింది. త్రిపుర చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే పట్టుకో. పద, మా నాన్నగారికి చూపిద్దాం. నాకు తెలిసినట్టు నేనింకేం చెప్పను."

చేతులకి కొబ్బరినూనె రాసుకుని, ఇద్దరూ ఇంట్లో మాస్టారి బల్ల ముందు నిలబడ్డారు. రాధాకృష్ణమూర్తిగారు భూతద్దం కింద నాణెం పెట్టి చూశారు. చాలాసేపు చూశారు.

"గాటు లోపల ఏం కనబడుతోందో చెప్పండి," అని అద్దం పిల్లలకిచ్చారు.

వెంకాయమ్మ చూసింది. "లోపల కూడా ఇదే రంగండి. ఒకచోట తెల్లగా మెరుస్తోంది."

"వెండి! పైన వెండి పూత పూసి లోపల రాగి పెట్టిన దొంగ నాణేలు ఆ రోజుల్లోనూ ఉండేవి. ఇది అలాంటిది కాదు, లోపలా వెండే. ఇప్పుడు అంచు చుట్టూ అక్షరాలు చదవండి."

ఇద్దరూ తలలు ఆనించి కూడబలుక్కుంటూ చదివారు. ఇంగ్లీషు అక్షరాలే. టి, ఐ. కొంచెం ఖాళీ. సి, ఏ, ఇ... మాస్టారు పుస్తకం తెరిచారు. వెనక పక్క కొమ్మ పట్టుకుని కుర్చీలో కూర్చున్న ఆవిడ బొమ్మ కూడా సరిపోయింది.

"తిబెరియస్ సీజర్!" మాస్టారు పుస్తకంలో బొమ్మ మీద వేలు పెట్టి చూపించారు. "రెండువేల ఏళ్ళ కిందటి రోము చక్రవర్తి. వాళ్ళ వర్తకులు ఓడలేసుకుని మన దేశానికొచ్చి, నూలుబట్టలు, మిరియాలు కొనుక్కెళ్ళేవాళ్ళు. వెండి, బంగారం ఇచ్చి మరీ!"

"మన మిరపకాయలు కొన్లేదా అండి?" అంది వెంకాయమ్మ కాస్త చిన్నబుచ్చుకుని.

మాస్టారు నవ్వారు. "అప్పటికి మన దేశానికి మిరపకాయే రాలేదమ్మా."

గుంటూరు జిల్లా పిల్లలిద్దరూ నోళ్ళు తెరిచారు. మిరపకాయ లేని రోజులు కూడా ఉండేవా!

"మరి ఆ గాటు ఎవరు పెట్టారు నాన్నగారూ?"

"నాకు తెలీదమ్మా."

త్రిపుర తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన ఆ మాట ఎంత హాయిగా అన్నారు! తెలీదన్నందుకు ఆయనేం తగ్గిపోలేదు. పైగా కళ్ళు మెరుస్తున్నాయి.

"వెండి మంచిదో కాదో చూడ్డానికని కొందరంటారు. పరాయి రాజు బొమ్మని కొట్టేశారని కొందరంటారు. ఖాయంగా ఎవరికీ తెలీదు. నీకేమనిపిస్తోంది?"

త్రిపుర మిరపకాయ విరిచిన సంగతి చెప్పింది. మాస్టారు భూతద్దం బల్ల మీద పెట్టి, కూతురి నూనె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"బాగుంది. చాలా బాగుంది. అయితే ఒక మాట. ఇలాంటివి దొరికితే ప్రభుత్వానికి అప్పజెప్పాలి. వార్షికోత్సవం అయ్యాక సుబ్బరావమ్మగారిని తీసుకెళ్ళి, ఆవిడ పేరుతోనే ఇప్పిస్తాను. అందాకా బల్ల మీద ఉండనిద్దాం."

మంగళవారం బడి పందిరంతా జనం. నాణేల బల్ల మధ్యలో తెల్లగుడ్డ మీద తిబెరియస్ చక్రవర్తి కూర్చున్నాడు. కింద అట్టముక్క మీద త్రిపుర గుండ్రటి అక్షరాలతో రాసింది: 'రోము వెండి నాణెం. దొరికింది సుబ్బరావమ్మ గారికి, నల్లగుంటపాడు పత్తిచేలో.'

హెడ్మాస్టరుగారు అతిథుల్ని తీసుకొచ్చి, "మా త్రిపుర చెబుతుందండీ దీని గురించి," అన్నారు.

"ఇది వెంకాయమ్మ చెబుతుందండి," అని త్రిపుర పక్కకి జరిగింది.

వెంకాయమ్మ నోరు తెరిచింది కానీ మాట రాలేదు. ఆమె అతిథుల భుజాల మీదుగా పందిరి వాకిలి వైపే చూస్తోంది. అక్కడ సుబ్బరావమ్మ నిలబడి ఉంది. ఉతికిన చీర, నున్నగా దువ్విన తల. లోపలికి రావాలా వద్దా అని చూస్తోంది.

త్రిపుర వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అట్టముక్క మీదున్నది చదివి వినిపించింది.

"ఇంకోసారి చదువమ్మా," అంది సుబ్బరావమ్మ.

త్రిపుర ఇంకోసారి చదివింది. ఈసారి పందిట్లో అందరికీ వినబడేలా చదివింది.

"మరి పాపం, ఈ రాజు బుగ్గ ఎవరు కోశారే?" అంది సుబ్బరావమ్మ కూతురితో.

అప్పుడు వచ్చింది వెంకాయమ్మకి గొంతు. అచ్చం వాళ్ళమ్మ గొంతే!

"ఖాయంగా తెలీదమ్మా. మేమైతే మనోళ్ళే అనుకుంటన్నాం. మిరపకాయ విరిచి చూసినట్టు, వెండి మంచిదా కాదా అని గాటుపెట్టి చూసుంటారు."

సుబ్బరావమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మరి? రోము రాజైతే ఏంటంట? చూడకుండా తీసుకుంటామా!"

పందిరంతా ఘొల్లున నవ్వింది. వెంకాయమ్మ కూడా నవ్వింది. అతిథులు చప్పట్లు కొట్టారు. సుబ్బరావమ్మకంటే గర్వంగా ఆ పూట ఆ ఊళ్ళో ఎవరూ లేరు. ఎవరైనా ఉంటే అది ఆ బల్ల పక్కనున్న ఇద్దరు పిల్లలే.

జనం కాస్త పల్చబడ్డాక ఊళ్ళో ఎలిమెంటరీ బడిలో మూడో తరగతి చదివే బుడతడు ఒకడు వచ్చి త్రిపుర పావడా లాగాడు. పేరు రంజాన్. వాడి గుప్పిట్లో వంకరపోయిన, పచ్చగా చిలుం పట్టిన ముక్క ఒకటి ఉంది.

"అక్కా, ఇది చెల్లుద్దా?"

అది వట్టి రేకుముక్కలాగే ఉంది. పేరయ్య వెనకనుంచి తొంగిచూసి నవ్వడానికి రెడీ అయ్యాడు.

త్రిపుర వాడికి తన కుర్చీ జరిపింది. తను కింద కూర్చుంది.

"నాకు తెలీదురా. నీకెక్కడ దొరికిందో మొదట్నుంచీ చెప్పు. అప్పుడు ఇద్దరం చూద్దాం."